పొల్లు పోకుండా

లియెపాయలో గాలికి సెలవుండదు.
కిటికీ సందులో గుడ్డపీలిక కుక్కి
పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
పొగగొట్టాలు దులిపే కంపెనీ మాది.
నాలుగు వేల ఏడు వందల పొయ్యిల జాతకం
ఈ నల్లతెర వెనకే ఉంది.
యజమాని గుందర్స్ కొత్త సిస్టమ్ కొన్నాడు.
"విజ్మా, పాతదంతా అందులో పోసెయ్.
అక్షరం పొల్లు పోకూడదు" అన్నాడు,
కుండలోంచి కుండలోకి నీళ్లు వంచినంత తేలిగ్గా.

పోయడానికి గరాటు కావాలి కదా.
మూడు వచ్చాయి బేరానికి.

మొదటిది రీగా నుంచి, మెరిసే బూట్లతో.
ఒక్క బటన్ నొక్కితే చాలన్నాడు తెచ్చిన కుర్రాడు.
రెండోది ఉచితం. మా మేనల్లుడు రైవిస్ ఎక్కించి పెట్టాడు.
దానికి బటన్లు లేవు, ఆజ్ఞలు టైపు చెయ్యాలి,
ఒక్క కామా తప్పితే మూతి ముడుచుకుంటుంది.
మూడోదాని ధర చూసి గుందర్స్
టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

అందరూ మంచి వరసలిచ్చి పరీక్షిస్తారు.
నేను చెడ్డవే ఏరాను, నలభై.
మూడుసార్లు పేరు మారిన వీధిలో ఒకే ఇల్లు.
ఒకే మనిషి, రష్యన్ లిపిలో ఒకసారి, మా లిపిలో ఒకసారి.
ఫోన్ నంబరు గడిలో: పక్కన బేకరీలో అడగండి.
తేదీ గడిలో: మంచు కరిగాక.
ఇంకా ఔస్మ, ఔస్త్ర, కవలలు.
పుట్టినరోజు ఒకటే, ఇంటిపేరు ఒకటే,
గుమ్మం ఒకటే, ఫోను ఒకటే.
పొయ్యిలు మాత్రం రెండు.
వాళ్లిద్దరూ మాట్లాడుకుని పంతొమ్మిదేళ్లు.

మొదటి గరాటు రెప్పపాటులో పోసేసింది.
నూటికి నూరు, అని ఆకుపచ్చగా నవ్వింది.
తెరిచి చూస్తే
పేర్ల నెత్తిన దీర్ఘాలన్నీ రాలిపోయాయి.
మా భాషలో దీర్ఘమంటే అక్షరం మీద సన్నటి గీత.
అది పోతే పెళ్లి కాస్తా మేకలైపోతుంది.
ఔస్త్ర కనబడలేదు.
ఔస్మలో కలిపేసింది.
ఊరంతా కలిసి కుదర్చలేని రాజీ
అర సెకనులో చేసి పారేసింది.
ఔస్త్ర గొట్టంలో మూడో వరస ఇటుక దగ్గర పగులుందని
పోయిన ఇమాంట్స్ రాసిన మాట కూడా
ఆమెతోపాటే మాయం.
పగిలిన గొట్టం పొగని పడగ్గదిలోకి వదులుతుంది.
ఆకుపచ్చ నవ్వుకి ఆ సంగతి తెలీదు.

రెండోది పన్నెండో వరస దగ్గర ఆగిపోయింది.
ఎందుకో చెప్పలేదు, అలిగి కూర్చుంది.
రైవిస్ వచ్చి బుజ్జగిస్తే కదిలింది.
వసంతంలో వాడు బెర్గెన్ ఓడ ఎక్కేస్తాడు.
తర్వాత దాని అలక తీర్చేదెవరు?

మూడోది ఇరవై తొమ్మిదే పోసింది.
మిగతా పదకొండూ పక్కన పెట్టి
కవలల దగ్గర ఇలా రాసింది:
ఒకరా, ఇద్దరా, తెలియదు. మీరు చూడండి.

చాలాసేపు ఆ మాట వైపే చూశాను.
ఈ ఆఫీసులో దాన్ని విని ఎన్నాళ్లయిందో.

మా అమ్మమ్మ రై గింజలు చెరిగేది.
పొల్లు గాలికి పోయేది, రాయి చేటలో మిగిలేది.
అనుమానం వచ్చిన గింజని మాత్రం
వేళ్ల మధ్య పెట్టి వెలుతురులోకి తిప్పేది.
పొల్లు పోవాల్సిందే, గుందర్స్.
ఏది పొల్లో తేల్చేదెవరన్నదే లెక్క.

"అంత డబ్బు పోసి తెలియదనిపించుకోవాలా?"
అవునన్నాను.
సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆరింటికి సంతకం పెట్టాడు.

ఒక్క వరస మిగిలింది. ఇమాంట్స్ చేతిరాత నుంచి ఎక్కించింది:
ఈవిడ సూప్ ఇస్తుంది. వద్దనకు.
కొత్త సిస్టమ్‌లో ఆ మాటకి గడి లేదు.
అదనపు గడికి నెలకి రెండు యూరోలు.
అడగకుండానే బిల్లులో చేర్చేశాను.

రేపు పొద్దున్న ఫోన్ చెయ్యాలి,
పగులు పూడ్చారా అని.
ఎత్తేది ఎవరో,
అదీ తెలియదు.